వాడేసిన అణు ఇంధనాన్ని భూమిలో దాచడం: ఫిన్లాండ్ ఒంకాలో గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అణువిద్యుత్ మీద ఎక్కడ చర్చ మొదలైనా చివరికి ఒకే దగ్గర ఆగుతుంది: ‘కరెంటు సంగతి సరే, ఆ వ్యర్థాన్ని ఏం చేస్తారు?’ ఈ ప్రశ్నకు రాతిలో సొరంగం తవ్వి జవాబు చెప్పేదాకా వచ్చిన మొదటి దేశం ఫిన్లాండ్. అందుకే ఈ పేజీకి అక్కడి ఒంకాలో అనే భూగర్భ నిల్వ కేంద్రాన్ని ఆధారంగా తీసుకున్నాను. పదేపదే వచ్చే సందేహాలను దశలవారీగా పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

## వ్యర్థం పుట్టే దశ

అణువ్యర్థం అంటే డ్రమ్ముల్లోంచి పచ్చగా కారే ద్రవమేనా?

కాదు. రియాక్టర్ నుంచి వచ్చే వాడేసిన ఇంధనం గట్టి పదార్థం. యురేనియం ఆక్సైడ్‌ను బాగా కాల్చి చిటికెనవేలి కొసంత సిరామిక్ బిళ్లలుగా చేస్తారు. వాటిని జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో పేర్చి, ఆ గొట్టాలను కట్టలుగా బిగిస్తారు. రియాక్టర్‌లో కొన్నేళ్లు పనిచేశాక బయటికి తీసినా కట్ట చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది. మారేది లోపలి సరుకు. సుమారు 95 శాతం ఇంకా యురేనియమే. ఒక శాతం దాకా ప్లుటోనియం. మిగతాది సీజియం, స్ట్రాన్షియం, అయోడిన్ లాంటి విచ్ఛిత్తి ఉత్పత్తులు, అంటే పరమాణువులు చీలినప్పుడు పుట్టే మూలకాలు. ప్రమాదమంతా ఈ చిన్న వాటాల్లోనే ఉంది.

వెయ్యి మెగావాట్ల రియాక్టర్ నుంచి ఏడాదికి 20 నుంచి 25 టన్నుల దాకా ఇలాంటి ఇంధనం వస్తుంది. బొగ్గు ప్లాంటు బూడిద పక్కన పెడితే పరిమాణం చాలా తక్కువ. కానీ కొత్తగా తీసిన కట్ట పక్కన అడ్డు లేకుండా మనిషి నిలబడితే నిమిషాల్లోనే ప్రాణం తీసేంత మోతాదు తగులుతుంది. చర్చల్లో ఈ రెండింటిలో ఒక్కటే చెప్పి రెండోది దాచేవాళ్లే ఎక్కువ.

రియాక్టర్ నుంచి తీయగానే పాతిపెట్టొచ్చు కదా, అన్నేళ్లు నీళ్లలో ఎందుకు ఉంచుతారు?

వేడి వల్ల. రియాక్టర్ ఆపేసినా రేడియోధార్మిక పరమాణువులు విడిపోతూనే ఉంటాయి, వేడి పుడుతూనే ఉంటుంది. లోతైన కొలనులో నీళ్లు ఒకేసారి రెండు పనులు చేస్తాయి: కట్టలను చల్లబరుస్తాయి, రేడియేషన్‌ను ఆపుతాయి. దాదాపు 40 ఏళ్లలో రేడియోధార్మికత తీసిన రోజుతో పోలిస్తే వెయ్యో వంతుకు పడిపోతుంది. అప్పటికీ, పాతేటప్పుడు వాడే ఒక రాగి పెట్టెకు సరిపడా ఇంధనం సుమారు 1,700 వాట్ల వేడినిస్తుంది. ఇంకా ముందే పాతిపెడితే పెట్టె చుట్టూ ఉండే బంకమట్టి 100 డిగ్రీలు దాటి దాని గుణం చెడిపోయే అవకాశం ఉంది.

ప్రమాదం ఎన్నేళ్లు ఉంటుంది? ఒకరు మూడొందలంటారు, ఒకరు లక్షలంటారు, ఇంకొకరు కోట్లంటారు.

ముగ్గురూ వేర్వేరు మూలకాల గురించి మాట్లాడుతున్నారు. సీజియం-137, స్ట్రాన్షియం-90ల అర్ధాయువు (సగానికి తరిగిపోవడానికి పట్టే కాలం) దాదాపు 30 ఏళ్లు. అంటే 300 ఏళ్లకు అవి వెయ్యో వంతుకు తగ్గిపోతాయి. దగ్గరికి వెళ్తే ఒళ్లు కాల్చేసే గామా రేడియేషన్ ముఖ్యంగా సీజియం నుంచే వస్తుంది. ప్లుటోనియం-239 అర్ధాయువు 24,100 ఏళ్లు. దీని అసలు ప్రమాదం శరీరం లోపలికి వెళ్తేనే. అయోడిన్-129ది కోటిన్నర ఏళ్లకు పైనే, అయితే అంత మెల్లగా విడిపోయేది విడుదల చేసే రేడియేషన్ కూడా తక్కువే. మొత్తం మీద వాడేసిన ఇంధనం సహజ యురేనియం ఖనిజం స్థాయికి దిగడానికి రెండు, రెండున్నర లక్షల ఏళ్లు పడుతుందని లెక్క.

మొదటి వెయ్యేళ్లూ అత్యంత కీలకం. ఆ కాలంలో పెట్టె చెక్కుచెదరకూడదు.

కొలనుల్లోనో కాంక్రీట్ పీపాల్లోనో ఎప్పటికీ అలాగే ఉంచితే ఏం?

కొన్ని దశాబ్దాలకు అది మంచి పద్ధతే, చాలా దేశాలు చేస్తున్నదీ అదే. చిక్కు ‘ఎప్పటికీ’ అన్న మాటతో వస్తుంది. కొలనుకు నీళ్లు కావాలి, పంపులు కావాలి, కరెంటు కావాలి, కాపలా కావాలి. 2011 మార్చిలో ఫుకుషిమా నాలుగో యూనిట్ కొలనులో నీళ్లు ఇంకిపోతాయేమోనని ప్రపంచమంతా టెన్షన్ పడింది. అదృష్టవశాత్తు ఇంకిపోలేదు. పీపాలకు నీళ్లు అక్కర్లేదు, కానీ వందేళ్లకోసారైనా మార్చాలి, వాటికీ కాపలా తప్పదు.

మూడొందల ఏళ్లు తెగిపోకుండా నడిచిన ప్రభుత్వాలు ఎన్ని ఉన్నాయో చరిత్ర పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. కరెంటు వాడుకున్నది మనం. కాపలా కాయడం ఇంకా పుట్టని వాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. లోతైన రాతిలో దాచడానికి పునాది కూడా ఆ ఆలోచనే: ఒకసారి మూసేశాక మనిషి చేయి అవసరం ఉండకూడదు.

రాకెట్‌లో పెట్టి అంతరిక్షంలోకి పంపేయొచ్చు కదా? లేదా సముద్రంలో వేసేయొచ్చు కదా?

రాకెట్లు పేలుతాయి. లక్షల టన్నుల బరువు పైకి పంపాలంటే వేల ప్రయోగాలు కావాలి, వాటిలో ఒక్కటి గాల్లో పేలినా నష్టం ఊహించలేం. సముద్రంలో వేయడాన్ని 1972 నాటి లండన్ ఒప్పందం తీవ్ర రేడియోధార్మిక వ్యర్థాల విషయంలో అప్పుడే నిషేధించింది, 1993 సవరణతో మిగతా రేడియోధార్మిక వ్యర్థాలకూ ఆ నిషేధం వర్తించింది. అంటార్కిటికా మంచులో పాతడాన్ని 1959 ఒప్పందమే కాదంది.

రీసైకిల్ చేస్తే ఈ గొయ్యి అవసరమే ఉండదట, నిజమేనా?

సగమే నిజం. వాడేసిన ఇంధనాన్ని ఆమ్లంలో కరిగించి యురేనియం, ప్లుటోనియం వేరుచేసి మళ్లీ వాడొచ్చు. ఫ్రాన్స్ లా హేగ్‌లో దశాబ్దాలుగా ఈ పని చేస్తోంది. కానీ మిగిలిన విచ్ఛిత్తి ఉత్పత్తులను గాజులో కలిపి గట్టిపరచాలి, ఆ గాజు దిమ్మలనూ ఎక్కడో ఒకచోట దాచాలి. అందుకే అదే ఫ్రాన్స్ బ్యూర్ గ్రామం దగ్గర, దాదాపు 500 మీటర్ల లోతున బంకమన్ను రాతిలో సిజియో అనే కేంద్రం కట్టడానికి 2023 జనవరిలో అనుమతి కోరింది. రీసైక్లింగ్ వల్ల పాతాల్సిన పరిమాణం, దీర్ఘకాలపు విషం తగ్గుతాయి. గొయ్యి అవసరం మాత్రం పోదు.

## స్థలం వెతికే దశ

అమెరికా, జర్మనీ చేయలేనిది చిన్న దేశం ఫిన్లాండ్ ఎలా చేయగలిగింది?

1983లోనే అక్కడి ప్రభుత్వం ఒక కాలపట్టిక వేసింది: 2000 నాటికి స్థలం తేల్చాలి, 2020 ప్రాంతంలో పాతడం మొదలవ్వాలి. తర్వాత ప్రభుత్వాలు మారాయి కానీ ఆ పట్టిక మారలేదు. లోవీసా ప్లాంటు ఇంధనం మొదట్లో సోవియట్ యూనియన్‌కు తిరిగి వెళ్లేది. 1994లో చట్టం మార్చి, ఫిన్లాండ్‌లో పుట్టిన వ్యర్థాన్ని ఫిన్లాండ్‌లోనే దాచాలని, బయటి దేశాల వ్యర్థాన్ని తీసుకోకూడదని తేల్చేశారు. రష్యాకు పంపడం 1996తో ఆగింది. బయటికి నెట్టే దారి మూసుకుపోయాక పని చేయక తప్పలేదు. రెండు విద్యుత్ సంస్థలు, టీవీఓ, ఐవీఓ (ఇప్పటి ఫోర్టమ్) కలిసి 1995లో పోసివా అనే కంపెనీ పెట్టాయి. దాని పని ఇదొక్కటే.

అమెరికాలో 1987లో కాంగ్రెస్ మిగతా స్థలాలన్నీ పక్కనపెట్టి నెవాడాలోని యక్కా పర్వతాన్నే తేల్చేసింది. ఆ రాష్ట్రం ఎన్నడూ ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి ఖర్చు చేశాక ఒబామా ప్రభుత్వం దాన్ని వదిలేసింది. మంచి రాయి దొరకడం ఎంత ముఖ్యమో, అక్కడివాళ్లు వద్దంటే ఆగడం కూడా అంతే ముఖ్యం.

ఆ ఊరివాళ్లు అసలు ఎలా ఒప్పుకున్నారు? డబ్బు చూపించి ఒప్పించారా?

ఒంకాలో ఉన్న ఓల్కిలువోటో ద్వీపం యూరాయోకి అనే స్థానిక సంస్థ పరిధిలో ఉంది. ఫిన్లాండ్ అణుశక్తి చట్టం ప్రకారం స్థానిక కౌన్సిల్ వద్దంటే ప్రాజెక్టు అక్కడ లేనట్టే. ఆ మాటను ప్రభుత్వం కొట్టివేయలేదు. ఇది ఉత్తుత్తి సంప్రదింపు కాదు, నిజమైన వీటో.

1980లలో దేశమంతా జల్లెడ పట్టి, 1990లలో నాలుగు చోట్ల లోతైన పరిశోధన చేశారు: యూరాయోకి, లోవీసా, కూహ్మో, ఆనెకోస్కి. నాలుగు చోట్లా రాయి పనికొస్తుందనే తేలింది. అణు ప్లాంట్లున్న యూరాయోకి, లోవీసాల్లోనే జనం సుముఖంగా ఉన్నారు. యూరాయోకి కూడా మొదటి నుంచి సరేననలేదు, 1990ల తొలి ఏళ్ల దాకా అక్కడి కౌన్సిల్ విధానం వ్యతిరేకమే. తర్వాత మనసు మార్చుకుంది. 2000 జనవరిలో ఓటు వేస్తే 20 మంది అవునన్నారు, ఏడుగురు కాదన్నారు. 2001 మేలో పార్లమెంటు 159–3తో ఆమోదించింది.

డబ్బు పాత్ర ఉంది, దాచాల్సిన పని లేదు. అణు ప్లాంట్ల ఆస్తిపన్ను ఆ ఊరికి పెద్ద ఆదాయం. పోసివాతో కుదిరిన ఒప్పందంలో భాగంగా పాత వువోయోకి భవంతిని కంపెనీ అద్దెకు తీసుకుంది, ఊరికి వృద్ధాశ్రమం కట్టుకోవడానికి అప్పు ఇచ్చింది. విమర్శకులు దీన్ని కొనుగోలు అంటారు. నేను అలా అనను. ప్లాంటు పక్కన ఇరవై ఏళ్లు బతికి, దాని లాభనష్టాలు తెలిసిన జనం, కాదనే హక్కు చేతిలో ఉండి కూడా ఔనన్నారు. ఆ హక్కే లేని చోట డబ్బు ఇస్తే మాత్రం అది కచ్చితంగా కొనుగోలే.

అక్కడి రాయిలో ఏముంది?

ఓల్కిలువోటో కింద ఉన్నది సుమారు 190 కోట్ల ఏళ్ల నాటి నైస్ అనే గట్టి రాయి. అంత కాలంగా పెద్దగా కదలని భూభాగం అది. 430 మీటర్ల లోతున నీరు చాలా మెల్లగా కదులుతుంది, ఉప్పగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ దాదాపు ఉండదు. మామూలుగా తుప్పు పట్టాలంటే ఆక్సిజన్ కావాలి కాబట్టి ఈ చివరి సంగతే అన్నిటికన్నా విలువైంది. పైగా విలువైన ఖనిజాలేవీ లేవు. భవిష్యత్తులో ఎవరూ లోహాల కోసం అక్కడ తవ్వకూడదనే ఉద్దేశంతో ఇదీ చూస్తారు.

ఖర్చు ఎవరు పెడతారు? చివరికి ప్రజల మీదే పడుతుందా?

అణువిద్యుత్ వాడుకున్నవాళ్ల మీద, వాడుకున్న కాలంలోనే పడుతుంది. విద్యుత్ ధరలోనే కొంత తీసి 1988 నుంచి ప్రభుత్వ అణువ్యర్థ నిధిలో జమ చేయిస్తున్నారు. కంపెనీ రేపు మూతబడినా పని ఆగకూడదని ఈ ఏర్పాటు. వందేళ్ల నిర్వహణ, మూసివేతతో కలిపి మొత్తం ఖర్చు 500 కోట్ల యూరోల ప్రాంతంలో ఉంటుందని అంచనా. అమెరికాలోనూ యూనిట్‌కు సెంటులో పదో వంతు చొప్పున 2014 దాకా వసూలు చేశారు. వేల కోట్ల డాలర్లు పోగయ్యాయి, దాచే చోటు మాత్రం లేదు.

## పెట్టెలో పెట్టి కిందికి దించే దశ

కొలను నుంచి గొయ్యి దాకా ఏం జరుగుతుంది?

ఇంధనపు కట్టలను మందపాటి పీపాలో పోసివా ప్యాకింగ్ ప్లాంటుకు తెస్తారు. అక్కడ మందమైన కాంక్రీట్ గోడల వెనక పనంతా యంత్రాలే చేస్తాయి, మనుషులు దూరం నుంచి నడుపుతారు. ముందుగా ప్రతి కట్టలోనూ ఉండాల్సిన కడ్డీలన్నీ ఉన్నాయో లేదో గామా కిరణాలతో స్కాన్ చేస్తారు. లోపల ప్లుటోనియం ఉంది కాబట్టి ఒక్క కడ్డీ లెక్క తప్పినా అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు జవాబు చెప్పాలి. తర్వాత కట్టలను ఆరబెట్టి, పోత ఇనుముతో చేసిన గదుల్లోకి దించుతారు. ఓల్కిలువోటో పాత రియాక్టర్ల కట్టలైతే ఒక పెట్టెలో 12 పడతాయి, కొత్త మూడో రియాక్టర్‌వి పెద్దవి కాబట్టి నాలుగే. ఇనుము చుట్టూ సుమారు 5 సెంటీమీటర్ల మందం రాగి తొడుగు. మూత అతికించడానికి లోహాన్ని కరిగించరు, తిరిగే పనిముట్టుతో రాపిడి పుట్టించి మెత్తబరిచి కలిపేస్తారు.

నిండిన పెట్టెను లిఫ్టులో 430 మీటర్ల కిందికి దించుతారు. సొరంగం నేలలో 8 మీటర్ల దాకా లోతున్న నిలువు గుంట తవ్వి, అడుగున, చుట్టూ బెంటొనైట్ మట్టి దిమ్మలు పేర్చి మధ్యలో పెట్టెను నిలబెడతారు. సొరంగం నిండాక దాన్నీ మట్టితో కూరి కాంక్రీట్ బిరడా వేస్తారు. చివరికి ఇలాంటి సొరంగాలు సుమారు వంద, వాటి మొత్తం పొడవు 35 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 6,500 టన్నుల యురేనియానికి, 3,250 పెట్టెలకు చోటుంటుంది.

రాగే ఎందుకు? రాగి కూడా తుప్పు పడుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు అన్నారట కదా?

అన్నారు. దీన్ని గిట్టనివాళ్ల గోలగా కొట్టిపారేయకూడదు.

ఆక్సిజన్ లేని నీటిలో రాగి దాదాపు చలనం లేకుండా ఉంటుంది. అమెరికాలో లేక్ సుపీరియర్ ఒడ్డున కెవీనా ద్వీపకల్పంలో సహజ రాగి ముద్దలు వంద కోట్ల ఏళ్లుగా రాతిలో లోహంగానే ఉన్నాయి. ఈ ఆధారంతోనే స్వీడన్ సంస్థ ఎస్.కె.బి. కేబీఎస్-3 అనే పద్ధతి రూపొందించింది, ఫిన్లాండ్ దాన్నే తీసుకుంది.

1986లో స్వీడన్ పరిశోధకుడు గున్నార్ హుల్ట్‌క్విస్ట్, ఆక్సిజన్ లేని శుద్ధ నీటిలోనూ రాగి హైడ్రోజన్ విడుదల చేస్తూ తుప్పు పడుతోందని ప్రకటించాడు. తర్వాత స్టాక్‌హోమ్ రాయల్ ఇన్‌స్టిట్యూట్‌లోని సహచరులు ఆ వాదన కొనసాగించారు. స్వీడన్‌లో మళ్లీ చేసిన ప్రయోగాల్లో ఆ స్థాయి తుప్పు కనిపించలేదు. అయినా 2018 జనవరిలో స్వీడన్ పర్యావరణ కోర్టు, పెట్టె మన్నికపై ఇంకా రుజువులు కావాలని ప్రభుత్వానికి చెప్పింది. మరిన్ని పత్రాలు సమర్పించాక 2022 జనవరిలో ఫోర్స్‌మార్క్‌లో కట్టదలచిన భూగర్భ కేంద్రానికి ప్రభుత్వం అనుమతిచ్చింది.

రాగికి నిజమైన శత్రువు సల్ఫైడ్ అని రెండు పక్షాలవాళ్లూ ఒప్పుకుంటారు. భూగర్భ జలంలోని సల్ఫేట్‌ను కొన్ని సూక్ష్మజీవులు సల్ఫైడ్‌గా మారుస్తాయి, అది రాగిని తింటుంది. చుట్టూ మట్టిని బాగా బిగువుగా కూరితే సూక్ష్మజీవులు అక్కడ పెరగలేవు, సల్ఫైడ్ పెట్టె దాకా రావడం కూడా చాలా నెమ్మదిస్తుంది. అందుకే ఈ వివాదం చివరికి రాగి కన్నా మట్టి నాణ్యత మీదికే వచ్చి ఆగుతుంది.

ఆ బెంటొనైట్ మట్టి ఏం చేస్తుంది?

బోర్లు తవ్వేవాళ్లకు ఈ మట్టి తెలుసు. నీళ్లు తగిలితే సబ్జా గింజల్లా ఉబ్బుతుంది. గుంటలో ఉబ్బడానికి చోటుండదు కాబట్టి ప్రతి సందునూ నొక్కి మూసేస్తుంది. ఇక నీరు పారలేదు. ఏ పదార్థమైనా అణువణువుగా పాకాల్సిందే. పెట్టె చిల్లు పడినా ప్లుటోనియం లాంటి బరువైన మూలకాలను ఈ మట్టి పట్టుకుని ఉంచుతుంది. రాయి కాస్త కదిలినా పెట్టెకు దెబ్బ నేరుగా తగలదు.

లోపల అంత యురేనియం ఒకచోట ఉంటే బాంబులా పేలదా?

పేలదు. బాంబుకు కావాల్సిన శుద్ధత ఈ ఇంధనంలో లేదు. గొలుసుచర్య మొదలవ్వాలన్నా తగిన అమరిక, న్యూట్రాన్ల వేగం తగ్గించే నీరు కావాలి. ఇనుప గదులు కట్టలను దూరదూరంగా పట్టి ఉంచుతాయి.

ఇప్పుడు ఏ దశలో ఉంది?

తవ్వకం 2004లో మొదలైంది. నిర్మాణ లైసెన్స్ 2015 నవంబరులో వచ్చింది. నిర్వహణ లైసెన్స్ కోసం పోసివా 2021 డిసెంబరులో దరఖాస్తు చేసింది. 2024 ఆగస్టులో అసలు ఇంధనం లేకుండా డమ్మీ కట్టలతో ట్రయల్ రన్ మొదలుపెట్టారు. రేడియేషన్ భద్రతా సంస్థ స్టుక్ తన అభిప్రాయం చెప్పాల్సిన గడువును ఒకటికి రెండుసార్లు పొడిగించారు. నాకు ఈ ఆలస్యం మంచి సూచనగానే కనిపిస్తుంది. లక్షల ఏళ్ల పనికి ఒకట్రెండేళ్లు ఎక్కువ అడిగే సంస్థ ఉండటమే భరోసా.

## మూసేసిన తర్వాత

పెట్టె లీకైతే ఊరి బావుల్లోకి వస్తుందా?

లైసెన్స్ ఇవ్వడానికి ముందు ‘లీక్ కాదు’ అని ఎవరూ అనుకోరు, ‘లీకైతే’ అనే లెక్క వేస్తారు. కొన్ని పెట్టెలు మొదటి నుంచే లోపంతో ఉన్నాయనుకుంటారు. ఆ కాలం మనిషి అక్కడే బావి తవ్వుకుని, అక్కడే పండించుకుని తింటున్నాడనుకుంటారు. ఆ మనిషికి అందే రేడియేషన్ మోతాదు ఏడాదికి 0.1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది ఫిన్లాండ్ నియమం. ప్రకృతి నుంచి ప్రపంచ సగటు మనిషికి ఏడాదికి అందేది 2.4.

దీనికి ప్రకృతిలోనే ఒక సాక్ష్యం ఉంది. గాబన్ దేశంలోని ఓక్లో యురేనియం గనిలో సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట గొలుసుచర్య దానంతటదే జరిగిందని 1972లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అక్కడ పెట్టె లేదు, రాగి లేదు. అయినా పుట్టిన ప్లుటోనియం పుట్టినచోటు దాటి పెద్దగా కదలలేదు.

భూకంపం వస్తే? మంచు యుగం వస్తే?

ఫిన్లాండ్‌లో పెద్ద భూకంపాలు అరుదు. అసలు భయం మంచు యుగం తర్వాత వచ్చేదాని గురించి. గత మంచు యుగంలో అక్కడ కిలోమీటర్ల మందం మంచు పేరుకుంది. ఆ బరువుకు దిగిపోయిన నేల ఇప్పటికీ పైకి లేస్తూనే ఉంది, ఓల్కిలువోటో దగ్గర ఏడాదికి సుమారు 6 మిల్లీమీటర్లు. మంచు కరిగి బరువు తగ్గినప్పుడు పెద్ద పగుళ్లు ఒక్కసారి జారతాయి. ఉత్తర స్వీడన్‌లోని పార్వీ పగులు అలా ఏర్పడిందే. అందుకే పెద్ద పగుళ్లు అడ్డొచ్చే చోట గుంట తవ్వరు. గుంటలోంచి పోయే పగులు 5 సెంటీమీటర్లు జారినా పెట్టె తట్టుకోవాలన్నది డిజైన్ షరతు. నేల లోతుగా గడ్డకట్టినా చేరలేనంత కింద ఉండాలన్నది కూడా 430 మీటర్లు ఎంచుకోవడానికి ఒక కారణం.

లక్ష ఏళ్ల తర్వాతి మనుషులకు మన భాష తెలియదు కదా, హెచ్చరిక ఎలా?

దీనికి రెండు ఆలోచనలున్నాయి. అమెరికాలో న్యూ మెక్సికోలో అణువ్యర్థాన్ని భూమి లోతున దాచే విప్ కేంద్రం కోసం 1990ల మొదట్లో శాండియా ప్రయోగశాల నిపుణులను కూర్చోబెట్టింది. పెద్ద రాతి స్తంభాలు, భయపెట్టే ముఖాల బొమ్మలు, ఐక్యరాజ్యసమితి ఆరు భాషలతో పాటు నవాహో భాషలో హెచ్చరికలు ప్రతిపాదించారు. ఫిన్లాండ్ పైన గుర్తు లేకపోయినా భద్రత తగ్గకూడదని డిజైన్ చేసింది. పత్రాలు భద్రపరుస్తారు, లోతైన తవ్వకంపై నిషేధం ఉంటుంది, మూసేశాక బాధ్యత ప్రభుత్వానిది. అన్నీ మరిచిపోయినా ఆ నేల మామూలు అడవి నేలలాగే ఉండాలి. నాకు రెండో దారే సబబుగా తోస్తుంది. భయంకరమైన గుర్తు చూసి పారిపోయేవాళ్ల కన్నా, లోపల ఏదో ఉందని తవ్వేవాళ్లే ఎక్కువ. ఈజిప్టు సమాధులకు పట్టిన గతి అదే.

రేపు మంచి టెక్నాలజీ వస్తే మళ్లీ తీయొచ్చా?

సాంకేతికంగా వీలవుతుంది, కష్టం, ఖర్చు ఎక్కువ. 2000లో ప్రభుత్వం ఇచ్చిన నిర్ణయంలోనే తెరవడానికి వీలుండాలనే షరతు ఉంది. కేంద్రం నిండడానికి దాదాపు వందేళ్లు పడుతుంది కాబట్టి ఆలోచన మార్చుకోవడానికి ఆ కాలమంతా ఉంటుంది.

ఇలా భూమిలో దాచి దెబ్బతిన్న సందర్భాలు లేవా?

ఉన్నాయి, వాటిని చెప్పకుండా ఒంకాలోను పొగడటం తప్పు. జర్మనీలోని అస్సే పాత ఉప్పు గనిలో 1967 నుంచి 1978 దాకా తక్కువ, మధ్యస్థాయి వ్యర్థాల పీపాలు సుమారు 1,26,000 పడేశారు. తర్వాత గనిలోకి నీళ్లు రావడం మొదలైంది. ఇప్పుడు వాటిని బయటికి తీయాలని చట్టమే చేశారు. దాచడానికి తవ్విన చోటు కాదది, ఉప్పు తీసేసి వదిలేసిన గని.

విప్ కేంద్రంలో 2014 ఫిబ్రవరిలో ఒక డ్రమ్ము లోపలే పగిలింది. తేమ పీల్చడానికి ఖనిజ పొడికి బదులు గోధుమతో చేసిన క్యాట్ లిట్టర్ (పెంపుడు పిల్లుల మలమూత్రాలను పీల్చే పొడి) కలపడంతో రసాయన చర్య జరిగింది. కేంద్రం 2017 జనవరి దాకా మూతపడింది. భూమి లోతున రాయి తన పని తాను చేసింది, పైన ప్యాకింగ్‌లో ఒక పదార్థం మారడంతో అంతా ఆగిపోయింది.

## మన దేశంలో, మనవాళ్లున్న చోట

మన దేశంలో ఇలాంటి గొయ్యి ఉందా?

లేదు. భారత్ వాడేసిన ఇంధనాన్ని వ్యర్థంగా కాక వనరుగా చూస్తుంది. హోమీ భాభా మూడు దశల ప్రణాళిక ప్రకారం ప్లుటోనియం వేరుచేసి తర్వాతి దశ రియాక్టర్లలో వాడాలి. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో ఈ పని జరుగుతుంది. మిగిలిన తీవ్ర వ్యర్థాన్ని గాజుగా మార్చి, గాలితో చల్లబడే నిల్వ కేంద్రంలో దశాబ్దాల పాటు పర్యవేక్షిస్తారు. పరిమాణం తక్కువ కాబట్టి లోతైన గొయ్యి ఇప్పట్లో అవసరం లేదన్నది ప్రభుత్వ వాదన. వాదనలో బలం ఉంది, కానీ గాజు దిమ్మలకూ చివరి చోటు కావాలి. కూడంకుళం కేసులో 2013 తీర్పులో సుప్రీంకోర్టు కూడా వీలైనంత త్వరగా లోతైన భూగర్భ కేంద్రం ఉండాలని చెప్పింది.

కోలార్ బంగారు గనుల్లో అణువ్యర్థం పాతిపెట్టారని విన్నాం?

పాతిపెట్టలేదు. 1980లలో అక్కడ సుమారు వెయ్యి మీటర్ల లోతున హీటర్లు పెట్టి, వేడికి రాయి ఎలా స్పందిస్తుందో చూశారు. రేడియోధార్మిక పదార్థం వాడలేదు. 2012లో కూడంకుళం కేసు విచారణలో కోలార్ పేరు రావడంతో అక్కడ నిరసనలు చెలరేగాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతం కావడంతో మన పత్రికల్లోనూ వార్తలొచ్చాయి. అలాంటి ఆలోచన లేదని తర్వాత ప్రభుత్వం చెప్పింది. జనానికి ముందు చెప్పకుండా కోర్టులో పేరు వినిపించడమే ఆ ఆందోళనకు కారణం.

తుమ్మలపల్లె చెరువులో ఉన్నది, హైదరాబాద్ ఎన్.ఎఫ్.సి.లో ఉన్నది కూడా ఇదేనా?

రెండూ వేరు. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఉన్నది యురేనియం తీసేశాక మిగిలిన ఖనిజపు బురద. అందులో రేడియోధార్మికత చాలా తక్కువ గాఢతలో ఉంటుంది, కానీ పరిమాణం అపారం. ముప్పు ముఖ్యంగా భూగర్భ జలాలకే. బోర్లలో నీళ్లు పాడయ్యాయని, పంటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆ సమస్యకు ఒంకాలో జవాబు కాదు, దాన్ని దానిగానే పట్టించుకోవాలి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కొత్త ఇంధనం తయారుచేస్తుంది. రియాక్టర్‌లో వాడేసినది అక్కడికి తిరిగి రాదు.

కొవ్వాడలో ప్లాంటు వస్తే వ్యర్థం శ్రీకాకుళంలోనే పాతుతారా?

అక్కడ ప్రతిపాదన ఒక్కోటీ 1,208 మెగావాట్ల ఆరు రియాక్టర్లకు. ఏ ప్లాంటులోనైనా వాడేసిన ఇంధనం మొదట ఆవరణలోని కొలనులోనే ఉంటుంది. కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణలో ‘పాతుతారా’ అనేదాని కన్నా ఈ ప్రశ్నలు అడగండి: కొలనులో ఎన్నేళ్లు ఉంటుంది? తర్వాత ఏ ఊరికి, ఏ దారిన వెళ్తుంది? ఆ ఖర్చుకు డబ్బు ఏ ఖాతాలో, ఎవరి పేరున పక్కన పెడుతున్నారు? జవాబులు లిఖితపూర్వకంగా తీసుకోండి.

మేం కెనడాలో ఉంటున్నాం. ఇక్కడా ఇలాంటిదే కడతారట, దగ్గర్లో ఉంటే భయపడాలా?

ఒంటారియో వాయవ్యంలో ఇగ్నేస్ పట్టణం, వాబిగూన్ లేక్ ఒజిబ్వే ఆదివాసీ సమాజం ఉన్న ప్రాంతాన్ని 2024 నవంబరు 28న ఎంపిక చేశారు. రెండు సమాజాలూ ముందుగా సమ్మతి తెలిపాకే ఈ నిర్ణయం వచ్చింది. కొన్ని ఆదివాసీ సమాజాలు మాత్రం ఇంకా వ్యతిరేకిస్తున్నాయి. లైసెన్సులు, నిర్మాణం పూర్తయి ఇంధనం దిగేది 2040లలోనే. టొరంటో వైపు ఉండేవాళ్లకు ఆ చోటు చాలా దూరం. మీరు పట్టించుకోవాల్సింది రవాణా గురించి. ఇంధనం చాలావరకు దక్షిణ ఒంటారియో ప్లాంట్ల నుంచే ఉత్తరానికి వెళ్లాలి కాబట్టి రోడ్డు, రైలు మార్గాల మీద జరిగే బహిరంగ విచారణల్లో స్థానికులుగా మీరూ మాట్లాడొచ్చు.